నాకు లేని షుగరు

లేని రోగాన్ని నోటితో కొనితెచ్చుకుని, మూడేళ్లపాటు పెంచి పోషించిన మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. తల్లాడ దగ్గర మిరప రైతుని.

మా అమ్మాయి సుజాత భద్రాచలంలో ఒక దవాఖానాలో నర్సు. అక్కడే రక్తపరీక్షలు చేసే వినోద్‌ని పెళ్లి చేసుకుంటానంది. అతనిది బూర్గంపాడు దగ్గర ఒక లంబాడీ తండా. కుర్రాడు మంచివాడని నాకూ తెలుసు. కానీ మా తాత కోస్తా నుంచి వచ్చేటప్పుడు బండిలో విత్తనాలతో పాటు కులగర్వాన్నీ మూటకట్టి తెచ్చాడు. విత్తనాలు ఏనాడో పుచ్చిపోయాయి. రెండోది నా దగ్గర చెక్కు చెదరలేదు.

తల్లీకూతుళ్ల పోరు పడలేక ఒకరోజు ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం. వినోద్ వాళ్లమ్మ శాంతిబాయి "రా అన్నా, కూసో" అంటూ మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. టీ తెచ్చింది. ఇక్కడ తాగానని మా చుట్టాలకు తెలిస్తే? చెయ్యి ముందుకు సాగలేదు.

"వద్దమ్మా, నాకు షుగర్."

"అయ్యో! చక్కెర లేకుంట పెట్టుకొస్త."

"పాలు కూడా పడవు."

"గట్లయితే జొన్నరొట్టె తిను. షుగరోళ్లకు మంచిదంటరు."

"జొన్నలు అసలే పడవు."

ఆవిడ వంటింట్లోంచి ఒక్కొక్కటీ తెస్తుంటే నేను ఒక్కొక్క జబ్బూ తగిలించుకుంటూ పోయాను. చివరికి "మంచినీళ్లన్న తాగు అన్నా" అంటే సంచిలోంచి ఇంటి సీసా తీశాను. మా ఆవిడ తన టీ తాగి, నన్నొక చూపు చూసి, నా టీ కూడా తాగేసింది. వినోద్ తలెత్తలేదు.

తిరుగు బస్సులో అమ్మాయి అడిగింది.

"నాన్నా, షుగర్ ఎప్పట్నించి?"

"ఈమధ్యనే."

"పోయిన నెల జ్వరమొస్తే నీ రక్తం పరీక్ష చేసిందెవరనుకున్నావ్? వినోదే. నీకు షుగర్ లేదు, ఏం లేదు."

అని కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. ఓదార్చాల్సిన తండ్రినై ఉండి, బస్సు లేటని డ్రైవర్ని తిట్టాను.

పెళ్లయింది. ఫొటోల్లో నేను పొలంలో పాతిన దిష్టిబొమ్మలా నిలబడి ఉంటాను. ఆ తర్వాత వియ్యపురాలింటికి ఎప్పుడు వెళ్లినా అందరికీ పాయసం, నాకు కాకరకాయ. అందరికీ టీ, నాకు చక్కెర లేని టీ. నోరు మూసుకుని తాగేవాణ్ణి. అల్లుడు ఒక్కనాడూ గుట్టు విప్పలేదు. "మామయ్యా, కాకరకాయ ఇంకొంచెం" అని మాత్రం అనేవాడు.

మనవరాలి బారసాలనాడు ఇక ఆగలేకపోయాను.

"చెల్లెమ్మా, నాకు షుగర్ లేదు. ఆ రోజు మీ ఇంట్లో తాగడం ఇష్టంలేక..."



"తెల్సు అన్నా. నీకేం వండాల్నని అడిగితే ఆ దినమే మా పోరడు చెప్పిండు."

"మరి మూడేళ్ల నుంచి ఈ కాకరకాయలేంది?"

"నీ నోటితోని నువ్వే చెప్తవని చూసిన. గింత లేటయితదనుకోలే!"

ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో కోపం కోసం వెతికాను. దొరికి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

కాబట్టి పెద్దలారా, మీ అందరి సాక్షిగా ఇదే నా శపథం: ఇకమీదట ఎవరింట్లో ఏ గ్లాసు చేతికిచ్చినా ముందు తాగేస్తాను. జబ్బుల సంగతి ఆనక అల్లుడు చూసుకుంటాడు.