పొద్దుటి రేడియోకు నా ఫిర్యాదు

ఆ రోజుల్లో మా ఇంట్లో రేడియో పెట్టేది పాటల కోసం కాదు, బంద్ ఉందో లేదో తెలుసుకోవడానికి. మా ఆయనకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాల్సి వచ్చేది. ఇల్లేమో హయత్‌నగర్‌లో, దవాఖాన దిల్‌సుఖ్‌నగర్‌లో. మధ్యలో ఎల్‌బీ నగర్ చౌరస్తా. తెలంగాణ కోసం జనం రోడ్డెక్కితే ముందు ఆగేది అదే. ఒక్కసారి డయాలసిస్ తప్పినా ఆయన ఒళ్లంతా నీరు పట్టేది, ఆయాసంతో నడుం వాల్చలేకపోయేవాడు.

టిఫిన్ల వేళ రేడియోలో వచ్చే ఓ కార్యక్రమంలో వారానికోసారి వినేవాళ్ల ఫిర్యాదులు తీసుకునేవారు. తన రాశికి ఎప్పుడూ చెడే చెబుతున్నారని ఒకామె. వాళ్లు చెప్పిన పసుపు పూత రాసుకుంటే పెళ్లిచూపుల నాటికి కూడా ముఖానికి పట్టిన రంగు వదల్లేదని ఒకమ్మాయి. వార్తలు చెప్పే పిల్ల మధ్యమధ్యలో నవ్వుతోందని ఓ పెద్దాయన. వింటూ నేనూ నవ్వుకునేదాన్ని గానీ, నాకూ ఒక ఫిర్యాదు ఉండేది. నగరంలో పలుచోట్ల రాస్తారోకో అని చెప్పి పాట వేసేసేవాళ్లు. పలుచోట్ల అంటే ఎక్కడ?

ఓ రోజు మేడ మీదుండే మా ఇంటి ఓనరమ్మాయి రేడియోవాళ్ల నంబరు కలిపి ఫోను నా చేతిలో పెట్టింది. గుంటూరు వైపు పిల్ల. నన్ను పిన్నిగారూ అనేది, నేను బిడ్డా అనేదాన్ని.

"ఏ రోడ్డు బందయిందో, ఏది తెరిచుందో చెప్పకుంటే గా వార్త మాకెందుకమ్మా? మా ఆయనను దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె?" అన్నాను.

రేడియో పిల్ల ఈసారి నవ్వలేదు. మర్నాటి నుంచి వార్తలకన్నా ముందు రోడ్ల సంగతే. ఎవరి డాబా మీంచి ఏం కనబడుతోందో చెప్పమని వినేవాళ్లనే అడిగింది. బట్టలారేసుకుంటూ ఆడవాళ్లు ఫోన్లు చేసేవాళ్లు. కొత్తపేట ఆగిందనో, సరూర్‌నగర్ కాలనీల గుండా వెళ్లొచ్చనో చెప్పేవాళ్లు. వాళ్లెవరో, ఎలా ఉంటారో నాకు తెలియదు. వాళ్ల మాట పట్టుకునే ఎన్నోసార్లు దవాఖాన చేరాం.

అలా ఉండగా ఫిర్యాదుల రోజున ఎల్‌బీ నగర్ నుంచి ఒకతను ఫోన్ చేశాడు. తాము ఎండలో కూర్చుని రోడ్డు ఆపుతుంటే రేడియోవాళ్లు సందులు చూపిస్తున్నారని, ఇక బంద్ ఎందుకని నిలదీశాడు. అతని మాటా నిజమే. మాదీ నల్లగొండ పల్లె, తెలంగాణ రావాలని నాకూ ఉంది. కానీ రోడ్ల కబురు ఆపేస్తే మా గతేమిటని పొయ్యి కట్టేసి వింటూ నిలబడ్డాను. రేడియో పిల్ల మా ఆయన సంగతి అతనికి చెప్పింది.

"గా పెద్దమ్మను మా దిక్కే రమ్మనుండ్రి. సందులల్ల తిరిగితే పానం బాగలేనాయన ఇంక పరేషానయితడు" అని పెట్టేశాడు.

తర్వాతి బంద్ మా డయాలసిస్ నాడే వచ్చింది. కాలనీల దారులు కూడా మూసేశారని డాబాల మీది వాళ్లు చెప్పారు. ఆటోలు లేవు. ఓనరమ్మాయి, వాళ్లాయన వద్దంటున్నా, కారు తీసింది. యాస బయటపడకుండా తాను నోరు విప్పనని, నన్నే మాట్లాడమని దారంతా చెబుతూనే ఉంది.

చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు, గుండిగలో అన్నం ఉడుకుతోంది. నేను దిగి దవాఖాన అని అనగానే ఒకతను దగ్గరికి వచ్చాడు.

"రేడియో పెద్దమ్మవా?"

ఆ గొంతు ఇట్టే గుర్తుపట్టాను. నలుగురు తువ్వాళ్లు పట్టుకుని ఉడికే గుండిగను పొయ్యి మీంచి దించారు. రాళ్లు జరిపారు, నిప్పులు పారతో పక్కకు లాగారు. బూడిద మీంచి కారు మెల్లగా కదిలింది. ఓనరమ్మాయి ఉండబట్టలేక అద్దం దించింది.

"చాలా థ్యాంక్సండీ, అన్నం చెడిపోతుందేమో" అంది.

"ఏం కాదక్కా. వాపస్ వచ్చేటప్పుడు మీరూ తిని పోవాలె" అన్నాడతను.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేసరికి మా కోసం మూడు విస్తళ్లు తీసి ఉంచారు. రోడ్డు మీదే కూర్చున్నాం. అన్నం కాస్త మెత్తబడింది. డాక్టరు వద్దన్న పప్పుతో మా ఆయన నాలుగు ముద్దలు తిన్నాడు. నేను అడ్డు చెప్పలేదు.