సుజాత ఆపించిన పేజీ

నిన్న పొద్దున టిఫిన్ చేస్తుంటే ఫోన్. సుజాత ఇక లేదన్నారు. హార్ట్ ఎటాక్.

"ఏ సుజాత?" అన్నాను.
తెలిసే అడిగాను.

అప్పటి నుంచి కుదురు లేదు. భవానీపురంలో వాళ్ళింటికి వెళ్ళాను, చూశాను, వచ్చేశాను. ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను. ఇది రాస్తే గానీ ఊపిరి ఆడేలా లేదు.

తెలియనివాళ్ళ కోసం.
2000ల మొదట్లో బెజవాడలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇద్దరం కలిసి పనిచేశాం. తనది బందరు వైపు. వాళ్ళ నాన్నగారిది చేపల వ్యాపారం.

మా ఇద్దరికీ సి లాంగ్వేజ్ బాగా వచ్చు. అందుకే వెబ్ పేజీలకి వాడే జావాస్క్రిప్ట్ అంటే లెక్కలేదు. పుస్తకం పైపైన తిరగేసి పనిలోకి దిగిపోయాం.

పిల్లల ఆస్పత్రి ఒకదానికి సుజాత వెబ్ పేజీ చేసింది. బిడ్డ బరువు కొడితే ఎంత సిరప్ పట్టాలో చెబుతుంది, రెండు పూటల డోసులు కొడితే రోజు మొత్తం ఎంతో కూడి చూపిస్తుంది. టెస్ట్ చేశాం, బాగానే వచ్చింది. ఇచ్చేశాం.

మర్నాడు ఊరికే మళ్ళీ తెరిచి చూసింది. పొద్దున డోసు 5, సాయంత్రం డోసు 5 కొట్టింది.
మొత్తం 55 అని వచ్చింది.

బాక్సులో ఏం కొట్టినా జావాస్క్రిప్ట్‌కి అది అక్షరాల కిందే లెక్క. గుణిస్తే తనే అంకెగా మార్చుకుంటుంది. మేం టెస్ట్ చేసింది అదొక్కటే. కూడమంటే మాత్రం రెండూ పక్కపక్కన అతికిస్తుంది.

"నెమ్మదిగా మార్చేద్దాంలేమ్మా. ఇప్పుడు చెబితే కాంట్రాక్టు పోద్ది," అన్నాడు మా ఆఫీసు ఓనర్, విషయం చెబితే.

"అక్కడ పసిపిల్లలండీ!" అంది సుజాత.

అంతే, బయటికి పరిగెత్తి ఆటో ఎక్కింది. వెనకే నేనూ ఎక్కాను. ఏలూరు రోడ్డులో ట్రాఫిక్ ఆగిపోతే దిగి మళ్ళీ పరుగు.

ఆస్పత్రిలో కంప్యూటర్ ముందు నర్సు ఉంది.
"ఇది చూసి ఎవరికైనా మందు పట్టారా అండీ?"
"లేదండీ, ఇప్పుడే మొదలెడుతున్నాం."

సుజాత గోడకి చేరబడిపోయింది. తర్వాత డాక్టరు గారి దగ్గరికెళ్ళి "తప్పు నాదేనండీ" అని చెప్పింది. అక్కడే నిలబడి సరిచేసింది.

డాక్టరు గారు తప్పు పట్టలేదు. మా ఓనర్ మాత్రం ఆ సాయంత్రమే సుజాతని ఉద్యోగం మానేయమన్నాడు.

తర్వాత వాళ్ళింటి ముందుగదిలో జావాస్క్రిప్ట్ క్లాసులు మొదలుపెట్టింది, అప్పటికే ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళ కోసం. "మీకు వచ్చిందంతా కాసేపు పక్కనబెట్టండి. ఇది అంకెనా, అక్షరమా? ముందు అది అడగండి," అనేది. ఆఫీసు అయ్యాక నేనూ వెళ్ళి వెనక కూర్చునేవాడిని.

నిన్న తనని ఆ గదిలోనే పడుకోబెట్టారు. వీధి నిండా స్టూడెంట్సే. ఎవరూ కూర్చోరు, ఎవరూ వెళ్ళరు.

సుజాత వాళ్ళమ్మగారు నా చెయ్యి పట్టుకుని అడిగారు.
"బాబూ, ఇంతమందికి చెప్పిందా మా అమ్మాయి?"
"వీళ్ళు కొందరేనండీ," అన్నాను.

వెళ్ళిరా సుజాతా.
నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి.
మాకు దొరకడానికి టైం పడుతుంది.