మీటరమ్మ

మూడు షెడ్లు తిరిగొచ్చిన ఎర్ర కారులో హోరును పట్టుకోవడం మీటరమ్మ మొదటి ఘనవిజయం. ముచ్చటపడి లావుపాటి సైలెన్సర్ బిగించుకున్న బండి అది. వేగం అందుకోగానే లోపల గుయ్యిమంటుంది. సైలెన్సర్ మేస్త్రీ ఎన్ని తిప్పలు పడ్డా అంతు చిక్కలేదు. బజారులో దించమని వెనక సీట్లో ఎక్కిన ఆయన భార్యే, "ఇదుగో, కణతల్లో పొడుస్తోంది. ఆఁ, ఇప్పుడు తగ్గింది" అంది. మేస్త్రీ ఇంజను మీటరు ముల్లు చూశాడు. అది ఒకే అంకె దగ్గరికి వచ్చినప్పుడే ఆవిడ తల పట్టుకుంటోంది. హోరును మింగేలా ఒక కొస మూసిన గొట్టాన్ని సైలెన్సర్ పైపు పక్కన అతికించి, దాన్ని వేలెడు వేలెడు కోస్తూ, కోసినప్పుడల్లా ఆవిడను కారులో తిప్పి తెచ్చాడు. సాయంత్రానికి ఆవిడకు నొప్పీ పోయింది, కారుకు హోరూ పోయింది.

ఆ తర్వాత ఆవిడకు చిక్కని హోరు లేదు. డాక్టరుగారి పాత కారు, పందేలకు పోయే పసుపు బండి, నల్ల జీపు అన్నీ ఆవిడ చేతిలోనే నోరు మూసుకున్నాయి. షెడ్డు వెనక వాంతి చేసుకుని, నోరు పుక్కిలించి, మళ్లీ ఎక్కి కూర్చునేది. మాట తప్పు పోయేది కాదు. పనివాళ్లు మీటరమ్మ అని పేరు పెట్టారు. బోర్డు మీద మాత్రం మేస్త్రీ ఫోటో ఉంటుంది.

ఒక్కసారి తప్పింది. ఆ రోజు తట్టుకోలేక ముందే నొప్పి మాత్ర మింగి కూర్చుంది.

"పోయిందా?"

"పోయిందండీ."

మర్నాడు ఆ బండాయన హోరు అలాగే ఉందంటూ తిరిగొచ్చి అందరి ముందూ కడిగేశాడు. మేస్త్రీ ఆవిడ సంచీ వెతికి, మాత్రలన్నీ మడ్డి ఆయిలు డబ్బాలో పోశాడు. ఆవిడను వెనక సీట్లో కూర్చోబెట్టి అద్దాలు ఎక్కించాడు. ముల్లు అదే అంకె మీద నిలిపి, ఆవిడ ఏడ్చేదాకా ఇంజను వేగం దించలేదు.

"నీకొచ్చిన విద్య ఇదొక్కటే కదమ్మా, అదీ పాడుచేసుకుంటావా?" అంది అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే.

ఆ రాత్రే ఆవిడ చెల్లెలింటికి వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి పాలిపోయిన ముఖానికి కళ వచ్చింది. ఇక ఆ సీట్లో కూర్చోకూడదని గట్టిగా అనుకుంది.

అప్పుడు మేస్త్రీ ఫోన్ చేశాడు.

"తల ఎలా ఉంది?"

ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. ఆవిడ గొంతు మెత్తబడింది. "తేలిగ్గా ఉందండీ."

"అసలు రావట్లేదా?" ఆయన గొంతులో కంగారు. "కింద రోడ్డు మీద బస్సు పోయినప్పుడు కూడా?"

రావట్లేదని చెప్పమని పక్కనే వింటున్న చెల్లెలు సైగ చేసింది. ఆ ఒక్క మాటంటే చాలు, ఇక ఎవరూ పిలవరు. కానీ ఆవిడకు తిరిగొచ్చిన ఆ బండి కళ్లముందు మెదిలింది. మీటరమ్మ మాట రెండోసారి తప్పు పోవడం ఆవిడకే సహించలేదు.

"బస్సు పోయినప్పుడు పొడుస్తుందండీ."

"హమ్మయ్య" అన్నాడు మేస్త్రీ. ఫోన్ పెట్టకుండానే పక్కనున్న ఇంకో బండాయనతో చెప్పడం ఆవిడకు వినిపించింది.

"మా మీటరు బాగానే ఉంది సార్. బండి తెచ్చేయండి. పద్దెనిమిదో తేదీ, గురువారానికి మీటరు వచ్చేస్తుంది."