చెక్కుచెదరని గేర్‌బాక్స్

పాత కార్లు విప్పే ఆ షెడ్డులో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. సన్నచెయ్యి అంటారు. మనిషి మరీ సన్నమేం కాదు, పొట్ట కూడా ఉంది. చేతులు మాత్రం వెదురుపుల్లలు. ఇంకెవరి చెయ్యీ దూరని సందులో ఆయన చెయ్యి దూరిపోతుంది. కంటికి కనపడని బోల్టుని వేళ్లతో తడిమి, ఏ పానాకి లొంగుతుందో చెప్పేస్తాడు. ఆ విద్యే ఆయన కొంప ముంచింది. ఎలాగంటారా, చెప్తాను.

షెడ్డు వాళ్ల బావది, అంటే అక్క మొగుడిది. "మనిషి దొరికేదాకా ఓ రెండు నెలలు సాయం చెయ్యరా" అన్నాడు బావ. ఇరవై మూడేళ్లయినా ఆ మనిషి దొరకలేదు. దొరుకుతాడా మరి! వెతికితే కదా. మధ్యలో సన్నచెయ్యి రెండుసార్లు నోరు విప్పబోయాడు. మొదటిసారి అక్కకి పురుడొచ్చింది. రెండోసారి బావకి నడుం పట్టేసింది. కక్కలేక మింగలేక ఊరుకున్నాడు.

ఈలోగా దగ్గు మొదలైంది. అంతా కాలిన కార్ల మసి. "ఆ మసిలోంచి బయటికి రా, లేదంటే ఇక నా దగ్గరికి రాకు" అని డాక్టరు తెగేసి చెప్పాడు. భార్య ఆ మాట పట్టుకుంది. మెకానిక్ పని నేర్పే బడికి ఆయన చేత దరఖాస్తు పెట్టించింది. పాఠం చెప్పే ఉద్యోగం. తెల్లగోడల గది, నాలుగు కిటికీలు. పిలుపు కూడా వచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా వచ్చి సంతకం పెట్టాలి, రాకపోతే జాబితాలో తర్వాతివాడికి ఇచ్చేస్తారు. ఆ శుక్రవారం పొద్దున్నే భార్య తెల్లచొక్కా ఇస్త్రీ చేసి సంచిలో పెట్టింది. "ఇవాళ మీ బావకి చెప్పకుండా ఇంటికొచ్చారో, నేను మీతో మాట్లాడను" అంది.

చెబుదామనే వెళ్లాడు పాపం. వెళ్లేసరికి షెడ్డు మధ్యలో కాలిపోయిన స్పోర్ట్స్ కారు, దాని పక్కన పెళ్లికొడుకులా నవ్వుతూ బావ.

"ముందంతా బూడిదేరా. వెనక చూడు!"

ఇంజను వెనకుండే రకం అది. మంట సీట్లదాకా వచ్చి ఆగిపోయింది. గేర్‌బాక్స్ మీద మసి తుడిస్తే కింద వెండిగిన్నెలా మెరిసింది. సన్నచెయ్యి చెవి ఆనించి తిప్పి చూశాడు. లోపల పళ్లన్నీ మెత్తగా తిరుగుతున్నాయి.

"ఇలాంటిది మళ్లీ మన జన్మలో దొరకదు. నీ చేత్తో దించరా" అన్నాడు బావ.

నోటిదాకా వచ్చిన మాట లోపలికి పోయింది. దీన్ని దించేసి చెబుదాం, మూడింటికల్లా అయిపోతుంది అనుకున్నాడు. ఖర్మ కాకపోతే ఏంటండీ!

గేర్‌బాక్స్ బోల్టులన్నీ రెండున్నరకల్లా ఊడాయి. గేర్‌బాక్స్‌కీ బండి చట్రానికీ మధ్య సందులో ఒక్కటి మిగిలింది. ఇక్కడ ఒక పద్ధతుంది. కాలిన బండిలో ఇంజను బరువు మోసే రబ్బరు దిమ్మలు కరిగిపోయి ఉంటాయి. అందుకని కింద మొద్దు పెట్టకుండా చివరి బోల్టు ముట్టుకోకూడదు. షెడ్డులో అందరికీ ఈ సంగతి నేర్పింది ఈయనే. ఆ రోజు ఈయనే పెట్టలేదు. కళ్లు గోడగడియారం మీదున్నాయి మరి. బోల్టు వదిలింది, గేర్‌బాక్స్ అంగుళం ఒరిగింది, మణికట్టు సందులో ఇరుక్కుంది.

ఎముక విరగలేదు, రక్తం రాలేదు, వేళ్లు ఆడుతున్నాయి. చెయ్యి మాత్రం రాదు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు.

బావ పరిగెత్తుకొచ్చి జాకీ పెట్టి లేపబోతే గేర్‌బాక్స్ తిరిగి ఇంకా గట్టిగా పట్టింది. సన్నచెయ్యి కెవ్వుమన్నాడు. చట్రం కోస్తే బరువంతా చేతి మీదే పడుతుంది. ఇక రెండే దారులు. గేర్‌బాక్స్‌కి బోల్టు పట్టే చెవి ఉంటుంది, దాన్ని గ్రైండరుతో కోసేస్తే రెండు నిమిషాల్లో చెయ్యి వచ్చేస్తుంది. కానీ చెవి పోయిన గేర్‌బాక్స్ తుక్కు కిందే లెక్క. లేదంటే అవతలి పక్కన వేడికి బిగుసుకుపోయిన ఇంజను బోల్టులకి నూనె పోస్తూ, నానబెడుతూ విప్పి, ఇంజనుని పక్కకి జరపాలి. గంటన్నర పని.

"నొప్పిగా ఉందారా?" అన్నాడు బావ.

"మరీ అంత లేదు."

"అయితే నూనె పోద్దాం."

క్షణం ఆలోచించలేదు! సన్నచెయ్యికి ఒళ్లు మండింది. అయినా నోరు లేవలేదు.

మూడింటికి మేకుకి వేలాడుతున్న సంచిలో ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. మంచినీళ్లు తెచ్చిన అక్క తీసి మరదలితో మాట్లాడింది. వింటూ వింటూ మొహం చిన్నబుచ్చుకుంది.

"ఉద్యోగమటగా? నాలుగింటికి సంతకమటగా? మాకు చెప్పలేదేరా?"

"ఎలా చెప్పనక్కా!" కాలిన రేకుకి బుగ్గ ఆనించి ఉన్నవాడు ఒక్కసారిగా ఏడ్చేశాడు. "చెబుదామనుకున్నప్పుడల్లా మీకేదో ఒకటి వస్తుంది. నాకిక్కడ ఊపిరాడట్లేదక్కా. ఇరవై మూడేళ్ల నుంచీ ఆడట్లేదు."

బావ నూనెడబ్బా కింద పెట్టాడు. వెళ్లి గ్రైండరు తెచ్చాడు. తడిగోనె తెచ్చి బామ్మర్ది చేతి మీద జాగ్రత్తగా కప్పాడు.

"రెండు నెలలని చెప్పి నిన్ను ఇంతకాలం వాడుకున్నానురా. గేర్‌బాక్స్ పోతే పీడాపోయింది. ఏమేవ్, ఆ చొక్కా తియ్యి. బండి మీద నేనే దింపుతాను."

అప్పటికి మూడూ పది. గ్రైండరు గిర్రుమంది. సన్నచెయ్యి కళ్లకి జానెడు దూరంలో ఉంది ఆ చెవి. ఒక్క గీత లేదు. అంత మంటలోనూ బతికి బయటపడింది.

"ఆగు బావా!"

"ఏరా, తగిలిందా?"

"కొయ్యకు."

"పిచ్చి పట్టిందా నీకు!" అక్క నెత్తి కొట్టుకుంది. "టైమవుతోందిరా!"

"బాగుందక్కా అది. నిక్షేపంలా ఉంది. ఎలా కోస్తారు? నూనె పొయ్యి బావా."

బావ గ్రైండరు పట్టుకుని, వాడు మనసు మార్చుకుంటాడేమోనని చాలాసేపు చూశాడు. తర్వాత ప్లగ్గు పీకేశాడు.

నాలుగూ నలభైకి చెయ్యి బయటికొచ్చింది, మణికట్టు చుట్టూ నీలం గీతతో. గేర్‌బాక్స్ గీత పడకుండా దిగింది. సన్నచెయ్యి దాని పక్కనే కూలబడి భార్యకి ఫోను చేశాడు.

"మీ బావ వదల్లేదు, అంతేగా?" అంది ఆమె.

అవునంటే సరిపోయేది. ఆమె తిట్టుకోవాలన్నా బావనే తిట్టుకునేది.

"వదిలాడే" అన్నాడు.

"మరి?"

జవాబు చెప్పబోతే దగ్గొచ్చింది. ఆమె ఫోను పెట్టెయ్యలేదు. ఆ దగ్గు ఆగేదాకా వింటూనే ఉంది.