పార్లమెంటక్క అన్న మాట

ప్రతి ఉదయం దేవుడికి దండం పెట్టుకున్నాక ఆమె చేసే మొదటి పని దేశాన్ని చీవాట్లు పెట్టడం. పిండిమర తలుపు తీసి, గడప మీద నిలబడి, వార్తాపత్రిక విప్పి, పెద్ద అక్షరాలన్నీ పైకి చదివేది. ఒక్కొక్క వార్తకూ అక్కడికక్కడే జవాబు చెప్పేది.

"ధరలు అదుపులోనే ఉన్నాయట. ఎవరి అదుపులోనో అదొక్కటీ రాయలేదు."

"మంత్రిగారు తీవ్ర ఆవేదన చెందారట. చెందనివ్వండి, ఒంటికి మంచిది."

అలా చివరి పేజీ దాకా వెళ్ళి, పత్రిక మడిచి కిటికీలో పెట్టి, అప్పుడు మోటారు స్విచ్చి వేసేది. వీధిలో ఎవరికీ ఆమె అసలు పేరుతో పని పడలేదు. పార్లమెంటక్క అంటే చాలు, కొత్తగా వచ్చిన పోస్టుమ్యాను కూడా నేరుగా ఆ గుమ్మం ముందుకే వచ్చేవాడు.

భర్త పోయాక ఆ మర ఆమె చేతికి వచ్చింది. ఇంటి ముందుగదే మర. పైన తొట్టిలో గింజలు పోస్తే, రాళ్ళ మధ్య నలిగి, గుడ్డ గొట్టంలోంచి వెచ్చటి పిండి డబ్బాలోకి జారేది. ఆమె ఒక చేత్తో గొట్టాన్ని తడుతూ, రెండో చేతి వేళ్ళ మధ్య పిండిని నలిపి చూసి, పక్కనున్న చక్రాన్ని రవ్వంత బిగించేది. మర తిరుగుతున్నంతసేపూ పక్కవాళ్ళ మాట వినపడదు. అందుకని అక్కడ అభిప్రాయం ఉన్న ప్రతివాళ్ళూ అరవాల్సిందే. "ఇవాళ చల్లగా ఉంది" అన్నా కొట్లాటలా ఉండేది. ఏళ్ళ తరబడి అలా అరిచీ అరిచీ, మర ఆగిపోయాక కూడా ఆమె గొంతు దిగేది కాదు. ఆమె ప్రార్థన వీధి మలుపు దాకా వినిపించేది.

"దేవుడికి చెవుడు లేదమ్మాయ్" అనేవాడు ఎదుటి కొట్లోని టైలర్ బాబాయి.

"ఆయనకు లేదు బాబాయ్. నీ చెవిన కూడా పడితే కాస్త బాగుపడతావని."

నేను పిండికి వెళ్ళినప్పుడల్లా ఆమె గొంతును కాక చేతులను చూస్తూ ఉండేదాన్ని. ముసలివాళ్ళు వస్తే వరస చూడకుండా ముందు వాళ్ళ గింజలే తొట్టిలో పోసేది. పిండిధూళి పట్టిన వాళ్ళ కళ్ళజోళ్ళు తీయించి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ తానే ముక్కు మీద పెట్టి పంపేది. ఆ పని చేస్తూనే ఆర్థికమంత్రిని తిట్టేది. చాలామందికి ఆ తిట్లు గుర్తున్నాయి. కళ్ళజోళ్ళు గుర్తున్నవాళ్ళు తక్కువ.

ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. రైళ్ళలో గార్డు. తల్లి పోయినప్పుడు వాడు ఇంకా బడిలో ఉన్నాడు, అక్కే పెంచింది. ఈ సంగతి జరగడానికి ముందటి ఏడాది వాడికి కడుపులో పుండు పడి, ఒకసారి రక్తం కక్కుకున్నాడు. కడుపు ఖాళీగా ఉంచితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి డ్యూటీకి వెళ్ళేటప్పుడు వాడు మర దగ్గర ఆగడం, ఆమె రొట్టె, గ్లాసు పాలు ఇచ్చి, తినేదాకా ఎదురుగా నిలబడడం మామూలైపోయింది. తింటున్నంతసేపూ ఇద్దరూ దేశం గురించి వాదించుకునేవాళ్ళు.

"నమిలి మాట్లాడరా. పొలమారుతుంది."

"నువ్వు మాట ఆపితేగా నమలడానికి తీరిక దొరికేది!"

ఆ రోజుల్లోనే రైల్వే సమ్మె వచ్చింది. గార్డులకూ డ్రైవర్లకూ విశ్రాంతి లేకుండా డ్యూటీ మీద డ్యూటీ వేస్తున్నారని సమ్మె. పనిలోకి రానివాళ్ళను ఉద్యోగంలోంచి తీసేస్తామని ప్రభుత్వం కొత్త చట్టం తెస్తానంది. దేశమంతా రెండుగా చీలింది. టీ కొట్ల దగ్గర, బస్సుల్లో, ఆసుపత్రి బెంచీల మీద ఇదే గొడవ. మా వీధిలో కూడా అన్నదమ్ములు ఎదురుపడకుండా ఒకే గేటులోంచి వేర్వేరు వేళల్లో వెళ్ళసాగారు.

పార్లమెంటక్క సమ్మెకు ఎదురు నిలిచింది. ఆ అభిప్రాయం వెనక ఒక మనిషి ఉంది. మర పక్కింట్లో ఉండే అత్తమ్మకు మూత్రపిండాలు పాడై, వారం వారం పట్నంలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. రైళ్ళు ఆగాయి. బస్సులో ఆ ప్రయాణానికి అత్తమ్మ సగం చచ్చిపోయి తిరిగొస్తోంది. టైలర్ బాబాయి కొట్టు మూసి మరీ ఆమెను స్కూటరు మీద బస్టాండుకు దింపేవాడు. సమ్మె న్యాయమని వాదించేది ఆయనే, అత్తమ్మ సంచీ మోసేదీ ఆయనే.

"న్యాయమైతే కావచ్చు బాబాయ్. ఆ న్యాయం ఈవిడ ఒంట్లోంచే పిండుకోవాలా?" అని అరిచేది పార్లమెంటక్క.

తమ్ముడు అప్పటికీ వచ్చేవాడు. సమ్మె శిబిరానికి వెళ్తూ రొట్టె తిని వెళ్ళేవాడు. వాదన మాత్రం వేడెక్కింది.

ఒక మధ్యాహ్నం టీవీవాళ్ళు వచ్చారు. సామాన్యుల అభిప్రాయం కావాలట. నేను డబ్బా పట్టుకుని వరసలో ఉన్నాను. మైకు పట్టుకున్న అమ్మాయి చప్పుడు ఎక్కువగా ఉందని మర ఆపమంది. అక్క ఆపింది. రాళ్ళు తిరిగి తిరిగి నిలిచాయి. గదంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పార్లమెంటక్క మర నడుస్తున్నట్టే మాట్లాడింది. గార్డుల బాధ నిజమేనంది. నిద్రలేని మనిషి చేతికి రైలు అప్పగించడం పాపమంది. అత్తమ్మ సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఆవేశం వచ్చి, చెయ్యెత్తి, "పని మానినవాళ్ళందర్నీ ఇళ్ళకు పంపేయండి! అప్పుడు తెలిసొస్తుంది!" అని ముగించింది.

కెమెరా అబ్బాయి వెళ్ళేముందు ఆమె జుట్టు మీది పిండి చూపించి, "దులుపుకుని మళ్ళీ ఒకసారి చెప్తారా అమ్మా? బాగా కనిపిస్తారు" అన్నాడు. మంచిపిల్లాడు.

"పిండిమరలో పిండి ఉండక సెంటు ఉంటుందా నాయనా? పో."

సాయంత్రం వార్తల్లో చివరి మాట ఒక్కటే వచ్చింది. తెల్లటి జుట్టు, ఎత్తిన చెయ్యి, చుట్టూ చీమ చిటుక్కుమనని నిశ్శబ్దం, అందులో ఆ కేక. చూసినవాళ్ళకు అది ఒక మనిషి చెప్పిన అభిప్రాయంలా లేదు, శాపంలా ఉంది. దాన్ని మళ్ళీ మళ్ళీ వేశారు.

మర్నాడు తమ్ముడు రాలేదు. పాలు చల్లబడ్డాయి, మీగడ కట్టాయి. ఆమె గడప మీదికి వచ్చి చూస్తూ, లోపలికి వెళ్తూ, మళ్ళీ వస్తూ ఉంది. పత్రిక చదువుతూ చదువుతూ ఒకే వార్తను రెండుసార్లు తిట్టింది.

"నీ మాట కత్తిరించారమ్మాయ్. వాళ్ళదే తప్పని నీ తమ్ముడితో నేను చెప్తాను" అన్నాడు బాబాయి.

"కత్తిరించడం నీకు తెలుసు కాబట్టి అలా అంటున్నావు. ఆ మాట నేను అన్నానా లేదా?"

"అన్నావనుకో..."

"అన్నాను. మరి వాళ్ళననడం దేనికి?"

ఆ రోజు తొట్టిలో గింజలు పోయకుండానే మోటారు వేసింది. ఖాళీ రాళ్ళు ఒకదానినొకటి రాసుకుని కీచుమన్నాయి, నిప్పురవ్వలు లేచాయి, గదంతా మాడు వాసన కమ్మింది. నేనే పరుగెత్తి స్విచ్చి ఆపాను. మరలో పుట్టి పెరిగినంత అనుభవం ఉన్న మనిషి చేసే పని కాదది. ఆమె రాళ్ళ వైపు చూస్తూ, "వీటికీ మధ్యన ఏదో ఒకటి ఉండాలే" అని మాత్రం అంది. అదే తెల్లబోయిన మొహంతో, మర తాళం కూడా వేయకుండా తమ్ముడి ఇంటికి బయల్దేరింది. తాళం బాబాయి వేశాడు.

అక్కడ జరిగింది తరవాత ఆమే నాకు చెప్పింది. తలుపు మరదలు తీసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. చెయ్యి తలుపు మీదే ఉంచింది.

"ఉన్నాడా?"

"ఉన్నారు వదినా. నిద్రపోతున్నారు."

లోపల గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నిద్రలో కుర్చీలు జరుపుతాడా?"

మరదలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు మెల్లగా మాట్లాడండి వదినా, చుట్టుపక్కలంతా సమ్మెవాళ్ళే ఉన్నారు. శిబిరంలో ఈయన్ని ఏమంటున్నారో తెలుసా? పగలు మాతో కూర్చుంటావు, ఇంటికెళ్ళి మీ అక్కకు ఉప్పందిస్తావు అంటున్నారట. కలిసి భోంచేసిన వాళ్ళే పక్కకు జరిగి కూర్చుంటున్నారు."

"నాకు చెప్పలేదేం?"

"మీకెలా చెప్తారు? ఇంట్లో టీవీ కూడా పెట్టనివ్వడం లేదు. అందుకే..." అని గొంతు తగ్గించింది. "రేపు నిరాహార దీక్షకు తన పేరు తనే ఇచ్చుకున్నారు. వంతులవారీగా రోజుకొకరు కూర్చుంటున్నారు కదా, పొద్దున్నించి మర్నాడు పొద్దున దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. ఎవరూ అడగలేదు వదినా. ఈయనే ఇచ్చుకున్నారు, నేను మీవాడినేనని చూపించుకోవడానికి."

"కడుపులో పుండు పెట్టుకునా?"

ఆ కేక వీధంతా విన్నది. లోపలినుంచి తమ్ముడి గొంతు వచ్చింది. "అక్కా, నీ అభిప్రాయం దేశమంతా విన్నది. ఇక చాలు, ఇంటికి పో."

ఆమె చేతిలో రుమాలులో చుట్టి తెచ్చిన రొట్టె ఉంది. దాన్ని మరదలి చేతిలో పెట్టి, "ఈ రాత్రికైనా కడుపునిండా పెట్టు" అని, ఈసారి నిజంగానే గొంతు తగ్గించి చెప్పి, మెట్లు దిగింది.

ఇంటికి పోలేదు. మార్కెట్టు వైపు నాలుగడుగులు వేసి ఆగింది. డాక్టరు ఇంటి దాకా వెళ్ళి, ఆయన చెప్పేదేమిటో తనకు ముందే తెలుసుననుకుని తిరిగింది. దారిలో నేను ఎదురైతే నా చెయ్యి పట్టుకుని, "నా మాట మార్చుకుంటే వాడు ఊరుకుంటాడంటావా?" అని అడిగింది. నేనేమీ అనకముందే, "మార్చుకోను. అత్తమ్మ బస్సులో కక్కుకుంటూ వెళ్తోంది. అబద్ధం చెప్పి తమ్ముణ్ణి దక్కించుకుంటే ఆ పైవాడు మెచ్చుతాడా?" అంది. నా చెయ్యి వదల్లేదు. అలాగే నన్ను లాక్కుంటూ స్టేషను వైపు నడిచింది. మనసులోనే ఒక చిన్న ప్రార్థన చేసుకుంటూ నేనూ నడిచాను.

స్టేషను గేటు పక్కన గుడారం వేశారు. లోపల ఒక చాప, దాని మీద ఆ రోజు వంతుకు కూర్చున్న పెద్దాయన, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో పదిమంది దాకా. ఆమెను చూడగానే మాటలు ఆగిపోయాయి.

"వచ్చిందండోయ్ పార్లమెంటు!" అన్నాడొకడు. "కెమెరా ఎక్కడమ్మా, వెనక వస్తోందా?"

"మమ్మల్ని ఇళ్ళకు పంపడానికి స్వయంగా వచ్చారేమో" అన్నాడు ఇంకొకడు.

ఆమె నోటికి అలవాటైన జవాబులు బోలెడున్నాయి. ఒక్కటీ తీయలేదు. చాప మీది పెద్దాయన, పొద్దున్నించి తిండిలేని మనిషి, పక్కనున్న కుర్చీని కాలితో మెల్లగా ఆమె వైపు నెట్టాడు. "కూర్చోమ్మా. ఎండన పడి వచ్చినట్టున్నావు" అని తన ముందున్న నీళ్ళ సీసా కూడా అందించాడు. ఆమె ఆ సీసా అందుకుంది. తాగలేదు, మూతపెట్టి ఆయన ముందే పెట్టేసింది.

దీక్షల పని చూసుకునేది టికెట్ కౌంటర్లో పనిచేసే ఒక ఆవిడ. సన్నగా, అలసిపోయిన కళ్ళతో, గొంతు బొంగురుపోయి ఉంది. పార్లమెంటక్క ఆమె ముందుకు వెళ్ళి నిలబడింది.

"రేపటి వంతు మా తమ్ముడిది."

"అవును. తనే వచ్చి ఇచ్చారు."

"వాడి కడుపులో పుండు ఉంది. పోయినేడు రక్తం కక్కాడు. మీకు చెప్పాడా?"

ఆవిడ మొహం మారింది. "లేదు." కుర్చీల్లోవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇందాక కెమెరా గురించి అడిగినవాడు తలదించుకున్నాడు.

"చెప్పడు. వద్దని మీరు పంపించేస్తే వాడికి తల కొట్టేసినట్టవుతుంది, మీలో ఇక కూర్చోలేడు. నా నోరే వాణ్ణి ఇక్కడిదాకా తెచ్చింది."

"మరేం చేద్దామంటారు?"

"రేపు వాడి బదులు నన్ను కూర్చోనివ్వండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. టికెట్ ఆవిడ నవ్వలేదు. "మీరు సమ్మెకు ఎదురు కదండీ."

"ఇప్పటికీ ఎదురే. రైళ్ళు నడవాలనే అంటాను, ఇక్కడ కూర్చుని కూడా అదే అంటాను. కానీ వాడు మీవాడు. వాడి మీద ఒక్కరికీ అనుమానం లేకుండా చూడండి. ఇంట్లోవాళ్ళు వంతు తీసుకోవచ్చని మీలో మీరు అనుకున్నట్టు చెప్పండి, వాడికి." ఆమె చాప వైపు చెయ్యి చూపించింది. "నినాదాలు మాత్రం నాతో అనిపించకండి తల్లీ. ఒక్కరోజు, ఆ చాప మీద నాకు చోటివ్వండి."