పాటలో నా గొంతు

తెలకపల్లి బస్టాండులో నా పక్కన కూర్చున్నాయన ఒళ్లో తువ్వాలు చుట్టిన టేపురికార్డరు ఉంది. గద్వాలలో తమ నేతగాళ్ల వాడంతా తీగలు గుంజి, మగ్గం మగ్గానికీ ఒక చిన్న స్పీకరు పెట్టాడట. రోజూ పొద్దున తన ఇంట్లోంచి పాటలు వేస్తాడట.

"రేడియోల రాని పాటలే పెడ్త సార్," అన్నాడు.

ఎదురుగా ఉన్న ముసలమ్మను కలుపు పాట ఒకటి పాడమని అప్పటికే చాలాసేపు బతిమాలాడు.

"చేతుల్ల పని లేకుంటే పాటెట్ల వస్తది బిడ్డా?" అందామె.

ఆయన కాసేపు ఆలోచించి, సంచిలోంచి పల్లికాయలు తీసి ఆమె ఒళ్లో పోశాడు. ఆమె ఒలవసాగింది. నాలుగు కాయలు ఒలిచిందో లేదో, పాట దానంతటదే లేచింది. ఆయన తువ్వాలు విప్పి, రికార్డు మీట నొక్కాడు.

నా ధ్యాస బస్సు మీద ఉంది. పాట నడుమ అటుగా పోతున్న కండక్టరును గట్టిగా అడిగేశాను.

"వనపర్తి బస్సు ఎప్పుడొస్తది?"

ముసలమ్మ ఆగలేదు. పాట అయ్యాక తప్పయిందన్నాను, ఇంకోసారి పాడమ్మా అన్నాను. ఆమె ఖాళీ ఒడి చూపించింది.

"ఒడిసినయి గద బిడ్డా."

ఆయన మాత్రం టేపురికార్డరుకు మళ్లీ తువ్వాలు చుడుతూ, "పల్లికాయల చప్పుడున్నది, మీరు గూడ పాటల ఉండుండ్రి సార్," అన్నాడు.

బస్సొచ్చింది, ఎక్కాను. గద్వాలకు తర్వాత ఎన్నడూ పోలేదు. ఆ మగ్గాల నడుమ ఎన్ని పొద్దులు అడిగి ఉంటానో, వనపర్తి బస్సు ఎప్పుడొస్తదని.