చాగలమర్రి దారిలో తొమ్మిదో గుర్రం

నంద్యాల కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో నేను ఆళ్లగడ్డలో పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకురాలిగా ఉన్నాను. శాఖలో ఈ పదవిని క్లుప్తంగా ఏడీ అంటారు. మండలాల పశువైద్యులు ఏడీకి జవాబు చెప్పాలి, ఏడీ జిల్లా అధికారి అయిన జేడీకి జవాబు చెప్పాలి. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. నాకు అరవై నడుస్తోంది.

ఆ నెల మొదటి వారంలో జేడీ కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పక్క రాష్ట్రంలో ఒకచోట గుర్రాలకు గ్లాండర్స్ అనే జబ్బు కనిపించింది కాబట్టి, మా పరిధిలో ఉన్న ప్రతి గుర్రం, గాడిద, కంచర గాడిద నుంచి రక్త నమూనా తీసి పంపాలి. గ్లాండర్స్ సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ముక్కు వెంట చిక్కటి చీము కారుతుంది, చర్మం మీద గడ్డలు లేస్తాయి. మనుషులకూ అంటుకుంటుంది, ప్రాణాలు తీస్తుంది. మందు లేదు. జబ్బు ఉందని ప్రయోగశాల తేల్చితే ఆ గుర్రాన్ని నొప్పి తెలియకుండా చంపి లోతుగా పూడ్చమని చట్టం చెబుతుంది. ఫలితం వచ్చేదాకా మిగతా వాటిని ఊరు దాటించకూడదు.

గుర్రాల గురించి నాకు తెలిసిందల్లా కాలేజీలో చదివిందే. మగ గుర్రానికి నలభై పళ్లుంటాయని, దానికి పిత్తాశయం ఉండదని, వాంతి చేసుకోలేదని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఉద్యోగమంతా బర్రెలతో, ఎద్దులతో, గొర్రెలతో గడిచింది. నాయన నంద్యాలలో మిషన్ బడి టీచరు. మా ఇంట్లో సైకిలు తప్ప ఇంకో వాహనం ఎక్కినవాళ్లు లేరు.

ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి వెళ్లే దారిలో మస్తాన్ అనే ఆయనకు గుర్రాలున్నాయి. పెళ్లి ఊరేగింపులకు, ఉరుసులకు తోలుకుపోతాడు. ముహూర్తాలు లేని రోజుల్లో శనగ కోసేసిన చేలల్లో వదిలేస్తాడు. నేలకు లద్దె పడుతుందని రైతులు అడ్డు చెప్పరు. నేను, మా ఆఫీసులో సహాయకుడు ఓబులేసు, ఐస్ పెట్టె, రక్తం తీసే గొట్టాలు పెట్టుకుని ఉదయం ఎనిమిదింటికే అక్కడికి చేరాం. సాయంత్రానికి నమూనాలు నంద్యాలలో ఉండాలి, మరుసటి రోజు అన్ని మండలాలవీ కలిపి జాతీయ ప్రయోగశాలకు పంపుతారు.

మస్తాన్ బోరు పక్కన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాలికి పిండికట్టు. ఎన్ని గుర్రాలప్పా అని అడిగితే ఎనిమిది అన్నాడు. ఫారంలో ఎనిమిది అని రాసుకున్నాను. ఆయన భార్య హుసేన్‌బీ తొట్టిలో నీళ్లు నింపుతోంది. ఎదురుగా ఇరవై ఎకరాల నల్లరేగడి. అందులో ఎక్కడో దూరంగా ఏడు గుర్రాలు, దగ్గరలో మాత్రం ఒక తెల్ల ముసలి ఆడగుర్రం. దాని పేరు బేగం.

బేగం దగ్గర రక్తం తీయడం రెండు నిమిషాల పని అయింది. మెడ పక్కన సిరను బొటనవేలితో నొక్కితే పైకి ఉబ్బుతుంది, అక్కడ సూది. అది కనురెప్ప కూడా వేయలేదు. మిగతా ఏడూ అట్లా కాదు. మస్తాన్ కాలు విరిగిన మూడు వారాలుగా వాటి మెడకు తాడు పడలేదు. మేము వంద అడుగుల దూరానికి వచ్చేదాకా తలలు వంచుకుని మేస్తాయి, తర్వాత తీరిగ్గా ఇంకో మూలకు పోతాయి. ఉలవల బకెట్టు చూపించాం. తాడు చెరో కొస పట్టుకుని మూలకు తోలాం. ఓబులేసు వంద కిలోల మనిషి, మూడోసారి పరిగెత్తాక గట్టు మీద కూలబడి, తన వయసు, బీపీ నాకు గుర్తు చేశాడు. పదకొండయింది. మస్తాన్ ఇంకోరోజు రమ్మని మూడుసార్లు చెప్పాడు. అంత తొందరగా మమ్మల్ని పంపాలని ఎందుకు చూస్తున్నాడో నాకప్పుడు తట్టలేదు.

దారి చూపింది హుసేన్‌బీ.

“నడిచిపోయే మనిషికి అవి దొరకవు మేడమ్. ఈయప్ప బేగం మీద పోతే అన్నీ దాని యెనకే వస్తాయి. ఇప్పుడు ఈయప్పకు కాలు లేదు, నాకు మోకాళ్లు లేవు.”

ఆమె ఓబులేసు వైపు చూసింది, తర్వాత బేగం నడుము వైపు చూసింది. ముగ్గురూ కలిసి నా వైపు చూశారు.

నేను గుర్రం ఎక్కలేనని, జీవితంలో ఎప్పుడూ ఎక్కలేదని చెప్పాను. ఏడీ స్థాయి అధికారి చేయవలసిన పని కాదని కూడా చెప్పినట్టున్నాను. హుసేన్‌బీ శ్రద్ధగా విని, బేగం వీపు మీద గోనె సంచి మడిచి వేసి, నన్ను తొట్టి గట్టు ఎక్కమంది.

“అది ముసల్ది మేడమ్. పరిగెత్తదు.”

అదృష్టం కొద్దీ ఆ రోజు చుడీదార్ వేసుకున్నాను. గట్టు మీది నుంచి ఒక కాలు అవతలికి వేశాను. అంతే, నేల ఎక్కడికో పోయింది. గుర్రం ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి మెడ మొదలు దాకా టేపు పెడతాం. ఆ అంకె ఎన్ని ఫారాల్లో రాసి ఉన్నా, ఆ అంకె మీద కూర్చోవడం వేరే సంగతి. దూరంగా నల్లమల కొండలు, హైవే మీద లారీలు, ఓబులేసు బట్టతల, అన్నీ కొత్తగా కనిపించాయి. బేగం ఊపిరి తీస్తే నా రెండు కాళ్లూ పక్కలకు కదిలాయి.

మెల్లగా చేలోకి నడిచింది. నాకు చేతనైంది జూలు గుప్పెళ్లతో పట్టుకోవడమే. ఉదయం నుంచి మమ్మల్ని చూసి పారిపోయిన గుర్రాలు ఇప్పుడు తలలెత్తి చూశాయి. గోధుమ రంగుది ముందు కదిలింది. దాని వెనక ఇంకో రెండు. ఒకటి వచ్చి నా మోకాలు వాసన చూసింది. ఇంకొకటి నా చున్నీ కొస నోట్లో పెట్టుకుని రుచి చూసి వదిలేసింది. కాసేపటికి నా చుట్టూ ఏడు వీపులు. ఎండకు వెచ్చబడిన వాటి ఒంటి వాసన, ఈగలను తోలే తోకలు, నా కాళ్లకు ఇరువైపులా రాసుకుంటున్న పొట్టలు. వాటి లెక్కలో నేను ఎవరినో కాదు, బేగం మీద ఉన్న ఏదో ఒక భాగాన్ని.

అప్పుడే హైవే మీద ఒక లారీ ఎయిర్‌హారన్ కొట్టింది.

గోధుమ రంగుది ఎగిరింది. మిగతావి దానితో పాటు కదిలాయి. ముసల్దని, పరిగెత్తదని చెప్పిన బేగం రెండు అడుగులు ఆలోచించి, చెవులు వెనక్కి వాల్చి, దౌడు తీసింది.

నేను ప్రభువా అని అరిచిన మాట నిజం. కానీ ఆ అరుపు మధ్యలోనే నవ్వుగా మారింది. నడకలో ఎగిరెగిరి పడిన నా నడుము దౌడులో ఊయలలో కూర్చున్నట్టు అయింది. గాలికి కళ్లలో నీళ్లు, జుట్టు ముడి ఊడింది, అద్దాలు ముక్కు కొసకు జారాయి. ఎడమ పక్కన ఒక గుర్రం, కుడి పక్కన ఒకటి, ముందర నాలుగు తోకలు, వెనక ఇంకొకటి. ఎనిమిది గుర్రాల గిట్టలు నేలను కొడుతుంటే ఆ చప్పుడు చెవులకు కాదు, కడుపుకు వినిపించింది. చేను చివరికి వచ్చాం. గట్టు కనిపించింది. దూకుతాయా, ఆగుతాయా అని నేను ఆలోచించేలోపు అన్నీ ఒక్కటే అయినట్టు ఎడమకు తిరిగాయి. నేను కూడా తిరిగాను. ఎట్లా పడకుండా ఉన్నానని అడిగితే నా దగ్గర శాస్త్రీయమైన సమాధానం లేదు. మళ్లీ తిరిగాయి. ఎక్కడో మూలగా ఐస్ పెట్టె చంకలో పెట్టుకుని ఓబులేసు పరిగెడుతున్నాడు. ఎవరిని కాపాడడానికో, ఎట్లా కాపాడతాడో తెలియదు. అతన్ని చూస్తే నవ్వు ఇంకా ఎక్కువైంది. పొట్ట పట్టుకుందామంటే జూలు వదలాలి.

రెండు చుట్లు తిరిగాక వాటికే దాహం వేసినట్టుంది. తొట్టి వైపు మళ్లాయి. బేగం తొట్టి దగ్గర ఒక్కసారిగా ఆగి నీళ్లకు తల వంచింది. దాని మెడ జారుడుబల్ల అయింది. నేను అద్దాలతో సహా తొట్టిలో కూర్చున్నాను.

ఒక క్షణం ఎవరూ కదలలేదు. డివిజన్ అధికారి నీళ్లలో ఉన్నప్పుడు ఏం చేయాలో వాళ్లకెవరూ చెప్పలేదు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. నవ్వుతూనే చేయి చాచాను. హుసేన్‌బీ నన్ను లాగబోయి తానే నవ్వు మొదలుపెట్టి గట్టు మీద కూలబడింది. ఆమె నవ్వు చూసి, ఉదయం నుంచి ముఖం ముడుచుకుని కూర్చున్న మస్తాన్ భుజాలు కూడా ఊగాయి. గుర్రాలు నా చుట్టూ మూతులు పెట్టి నీళ్లు తాగుతున్నాయి.

అట్లా తాగుతుండగానే పని చేశాం. ఒక్కొక్క దాని మెడకు మెల్లగా తాడు, సిర మీద వేలు, సూది, గొట్టం. తడి బట్టల్లోనే ఏడింటి రక్తమూ తీశాను. తర్వాత గట్టు మీద కూర్చుని ఫారాలు నింపడం మొదలుపెట్టాను. ప్రతి గుర్రానికి ఒక ఫారం ఉంటుంది. అందులో అచ్చు వేసిన గుర్రం బొమ్మ మీద దాని మచ్చలు, సుడులు ఎక్కడున్నాయో గీయాలి. ఏ సుడి ఎక్కడుందో హుసేన్‌బీ చూడకుండానే చెబుతోంది. ఎనిమిదో ఫారం అయ్యాక ఆమె లేవలేదు.

“ఇంకొకటుండాది మేడమ్,” అంది.

మస్తాన్ తల వంచుకున్నాడు.

“బేగం కూతురు. కాలవ పక్క తుమ్మచెట్లల్లో ఇడిసినాం. వారం నుంచి దానికి ముక్కు కారతాండాది. మీకు చూపిస్తే చంపేస్తారని అందరూ చెప్తాండారు.”

నవ్వు అక్కడితో ఆగింది. నేను మస్తాన్‌కు దాచకుండా చెప్పాను. అది గ్లాండర్సే అయితే ఆ పిల్లను నేను కాపాడలేను. కానీ అది కాకపోవచ్చు కూడా. దాచితే మాత్రం మిగతా ఎనిమిదీ, వాటికి నీళ్లు పెట్టే హుసేన్‌బీ కూడా ప్రమాదంలో ఉంటారు. ఆయన తన పిండికట్టు వైపు, ఆ తర్వాత కాలవ వైపు చూశాడు.

“అది మనిషికి అందదు మేడమ్. వాళ్లమ్మకైతే వస్తాది,” అన్నాడు చివరికి.

కాబట్టి రెండోసారి ఎక్కవలసి వచ్చింది. ఎక్కవలసి వచ్చిందని రాయడం మర్యాద కోసం. నిజానికి హుసేన్‌బీ గోనె సంచి సర్దకముందే నేను తొట్టి గట్టు మీద నిలబడి ఉన్నాను. మాస్కు, కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు రెండు జతల తొడుగులు వేసుకున్నాను. మిగతా గుర్రాలను ఓబులేసు కట్టేశాడు. బేగంకు దారి చెప్పనక్కరలేదు. తుమ్మల దగ్గరికి రాగానే సకిలించింది. లోపలి నుంచి సన్నటి గొంతు బదులిచ్చింది. రెండేళ్ల ఎర్ర పిల్ల బయటికి వచ్చి తల్లి మెడ కింద తల దూర్చింది. నేను పైనుంచే తాడు వేశాను. వచ్చేటప్పుడు బేగం తనకు తానే కొంచెం పరుగందుకుంది. నేను ఆపే ప్రయత్నం చేయలేదు. పిల్ల పక్కన పరిగెత్తింది.

పరీక్షించాను. చీము రెండు ముక్కు రంధ్రాల నుంచీ వస్తోంది. దవడ కింద కోడిగుడ్డంత వాపు, వేడిగా, నొప్పిగా ఉంది. జ్వరం ఉంది. చర్మం మీద గడ్డలు లేవు. లక్షణాలు స్ట్రాంగిల్స్ వైపు చూపించాయి. అది వయసులో ఉన్న గుర్రాలకు గొంతు దగ్గర గడ్డకట్టే జబ్బు, నయమవుతుంది. కానీ ముక్కు చీము చూసి కంటితో తీర్పు చెప్పే అధికారం నాకు లేదు, ఉండకూడదు కూడా. రక్తం తీసి, తొమ్మిదో గొట్టం మీద ఎర్ర గీత పెట్టి, పిల్లను విడిగా కట్టించి, గుర్రాలేవీ కదలకూడదని కాగితం రాసిచ్చాను. మస్తాన్ నంద్యాలలో ఒప్పుకున్న రెండు పెళ్లి ఊరేగింపులు నా ముందే ఫోన్ చేసి వద్దన్నాడు.

ఫలితానికి రెండు వారాలు పట్టింది. ఈలోపు ఓబులేసు సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో జిల్లా శాఖ గ్రూపులోకి వెళ్లింది. ఐస్ పెట్టెతో పరిగెడుతూ వీడియో ఎట్లా తీశాడన్నది నేను ఇంతవరకు తేల్చుకోలేకపోయాను. జేడీ ఫోన్ చేసి, పశువులను అదుపు చేసిన విధానం అనే గడిని నేను ఖాళీగా వదిలానని, అది నింపాలని గంభీరంగా చెప్పారు. స్థానికంగా అందుబాటులో ఉన్న పద్ధతిలో అని రాసి పంపాను. అవతల ఆయన నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది.

అయిదో రోజున పిల్ల దవడ కింది గడ్డ పగిలింది. శుభ్రం చేసి పెన్సిలిన్ మొదలుపెట్టాం. రోజూ నేనే పోయాను. నివేదిక వచ్చిన పూట ఆళ్లగడ్డ ఆఫీసులో దాన్ని రెండుసార్లు చదివాను. తొమ్మిది నమూనాల్లో దేనిలోనూ జబ్బు లేదు. ఫోన్‌లో చెప్పవచ్చు, కానీ జీపు తీయించాను. మస్తాన్ కాగితం చేతిలోకి తీసుకుని తలకిందులుగానే పట్టుకుని కాసేపు చూశాడు. హుసేన్‌బీ పిల్ల దగ్గరికి పోయి, దాని నుదుటికి తన నుదురు ఆనించి నిలబడింది. తర్వాత మస్తాన్ గొంతు సవరించుకుని, మేడమ్ మళ్లా ఎక్కుతారా అని అడిగాడు.

ఎక్కాను. ఈసారి తొమ్మిదీ వదిలారు. లారీ హారన్ అవసరం లేకపోయింది.

ఈ అనుభవం నాకు నేర్పింది ఒక పని పద్ధతి. వ్యాధి నిఘాలో రక్తం తీయడం చివరి మెట్టు. యజమాని తన దగ్గర ఉన్న పశువులన్నిటినీ చూపించడం మొదటి మెట్టు, అది ఉత్తర్వులతో జరగదు. ఆ ఉదయం నేను అధికారిగా అడిగినప్పుడు మస్తాన్ ఎనిమిది అన్నాడు, నేను రాసుకున్నాను, నా నివేదిక తప్పుగానే వెళ్లేది. నా హోదా వల్ల వాళ్లు భయపడ్డారు. నా నగుబాటు వల్ల ఏ నష్టమూ జరగలేదు. ఆ వేసవిలో రెండో విడత నమూనాలకు వెళ్లినప్పుడు, అంతకు ముందు మా జీపు చూసి తప్పుకునే గాడిదల వాళ్లు, మహానంది దగ్గర తట్టువలనే పొట్టి గుర్రాలు పెంచే వాళ్లు వాటిని తామే తోలుకొచ్చి నిలబెట్టారు. సర్వీసులో మిగిలిన రెండేళ్లూ, యజమాని చెప్పిన సంఖ్యను ఫారంలో ఎక్కించే ముందు ఒక పూట వాళ్లతో కలిసి పని చేశాను. చాలాసార్లు ఆ సంఖ్య మారింది.